మార్సేయి రేవు నుండి జెనీవా వరకు: ఉగ్రవాదముపై తొలి ఒడంబడిక

1934వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీ మంగళవారము నాడు, సాయంకాలము నాలుగు గంటలు దాటిన పిమ్మట, యుగోస్లావియా రాజగు మొదటి అలెగ్జాండరు దుబ్రోవ్నిక్ అను యుద్ధనౌకలో వచ్చి, ఫ్రాన్సు దక్షిణతీరమునందలి మార్సేయి నగరపు పాత రేవులో దిగెను. ఎదురేగి స్వాగతము పలికిన ఫ్రెంచి విదేశాంగ మంత్రి లూయీ బర్తూయును, సేనాని జార్జియును తోడురాగా, మూత తీసిన మోటారు కారులో ఆయన కానెబియేర్ అను పెద్దవీధి వెంట బయలుదేరెను. కారు నెమ్మదిగా పోవుచుండెను. వీధి కిరుప్రక్కల పోలీసులు పలుచగా నిలిచియుండిరి. కొలది దూరము పోయిరో లేదో, జనములో నుండి బలిష్ఠుడైన యొక పురుషుడు చివాలున ముందుకురికి, రాజునకు జయపెట్టుచునే కారు ప్రక్క మెట్టుపై కెక్కి, మౌజరు పిస్తోలుతో వరుసగా కాల్చెను. ప్రక్కనే గుర్రముపై వచ్చుచుండిన సైనికాధికారి కత్తితో వానిని నరికెను. పోలీసులు తుపాకులు ప్రేల్చిరి. జనము మీదబడి కొట్టెను. ఆ రాత్రియే వాడు మరణించెను. రాజు అంతకుముందే, కొన్ని నిమిషములలోనే, ప్రాణము విడిచియుండెను. వార్తాచిత్రములు తీయువారు అచ్చటనే యుండుటచే ఆ కల్లోలము ఫిల్ముమీది కెక్కి, దేశదేశముల సినిమాశాలలలో ప్రదర్శింపబడెను.

బర్తూ మరణము ఇంకను విషాదకరమైనది. డెబ్బదిరెండేండ్ల యా వృద్ధమంత్రికి తగిలిన గాయము చేతికి మాత్రమే. సకాలమున సరియైన కట్టు కట్టియుండినచో బ్రదుకదగినవాడే. రక్తస్రావముచే మరణించెను. ఆయనకు తగిలిన గుండు హంతకునిది కాదనియు, ఆ తొందరలో ఫ్రెంచి పోలీసులు కాల్చినదనియు 1935లోనే నిపుణులు తేల్చిరి. కాని ఆ సంగతి 1974 వరకు లోకమునకు వెల్లడి కాలేదు. ప్రజలను రక్షింపవలసిన బలగము భయావేశమున తానే ప్రజల ప్రాణముల మీదికి తెచ్చుట ఈ చరిత్రలో పలుమారులు కనబడును గనుక పాఠకుడు దీనిని జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను.

హంతకుని జేబులో పీటర్ కెలెమెన్ అను పేరుతో నొక చెకోస్లోవక్ పాస్‌పోర్టు దొరికెను. ఆ పేరు కల్పితము, ఆ పాస్‌పోర్టు దొంగది. వాని చేతిపైనున్న పచ్చబొట్టు జాడను బట్టి, వాడు వ్లాదో చెర్నొజెమ్స్కి అను బల్గేరియావాడనియు, మాసిడోనియా విప్లవ సంఘమునకు చెందినవాడనియు తరువాత తెలిసెను. వానిని పంపినవారు మాత్రము ఉస్తాషాలు అను క్రొయేషియా రహస్యసంఘమువారు. వారి నాయకుడు ఆంటె పావెలిచ్ అను న్యాయవాది. బెల్‌గ్రేడు పార్లమెంటు సభలోనే 1928 జూన్‌లో ఒక సెర్బు సభ్యుడు క్రొయేషియా రైతుల నాయకుడైన రాదిచ్‌ను కాల్చుటయు, రాదిచ్ ఆ గాయముచేతనే మరణించుటయు, ఆ మీదట 1929 జనవరి 6న రాజు రాజ్యాంగమును రద్దుచేసి సర్వాధికారమును చేపట్టుటయు, ఈ వైరమునకు పునాదులు. ఒకడు కాల్చిన తుపాకికి ఇంకొకడు కాల్చిన తుపాకి సమాధానము కాజాలదు. అయినను పార్లమెంటు ద్వారము మూయబడిన దేశములో రహస్యసంఘముల ద్వారము తెరువబడుట నాటికిని నేటికిని కనబడుచున్న సత్యమే. పావెలిచ్ అనుచరులకు ఇటలీలోను, హంగరీలో యాంకా పూస్తా అను పొలములోను ఆశ్రయము దొరికెను. అచ్చట వారు తుపాకి పేల్చుట నేర్చిరి. 1920 నాటి ట్రియనోన్ సంధిచే భూభాగములు గోల్పోయిన హంగరీకిని, ఆడ్రియాటిక్ తూర్పుతీరముపై కన్నువేసిన ముస్సోలినీకిని యుగోస్లావియా చీలిపోవుట ఇష్టమే.

దీనికి ఇరువదియేండ్ల ముందు సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హతుడైనప్పుడు, హంతకులకు ఆశ్రయమిచ్చితిరని వియన్నా ప్రభుత్వము బెల్‌గ్రేడును నిందించి యుద్ధమునకు దిగెను. ఇప్పుడు బెల్‌గ్రేడు రాజే హతుడు, బెల్‌గ్రేడే అభియోక్త, నిందితస్థానమున నున్నది బుడాపెస్టు. 1914లో ఈ ఫిర్యాదును వినుటకు సభ యేదియు లేకపోయెను. 1934లో జెనీవాలో నానాజాతి సమితి యుండెను. ఆ సమితియైనను ఏపాటిదో అందరెరిగినదే. 1923లో గ్రీకు సరిహద్దున ఇటలీ సేనాని తెల్లీని హత్య జరిగినప్పుడు, ముస్సోలినీ విచారణ ముగియకుండగనే కోర్ఫూ ద్వీపముపై ఫిరంగులు ప్రయోగించెను; సమితి ఆ వ్యవహారమును చేజార్చుకొనెను; గ్రీసు అయిదు కోట్ల లీరాలు చెల్లించుకొనెను. ఈసారియు అట్లే యగునేమోయని యూరపు అంతయు భయపడెను. డిసెంబరు మొదట యుగోస్లావియా ప్రభుత్వము తన దేశమున నివసించు హంగేరియనులను వేలకొలదిగా సరిహద్దు దాటించి వెళ్ళగొట్టసాగెను.

గత సంచికలో, 1898 సెప్టెంబరు 10న ఆస్ట్రియా చక్రవర్తిని ఎలిజబెత్ జెనీవా సరస్సు ఒడ్డున లుక్కేని యను ఇటలీ అరాజకవాది చేత పొడువబడుటయు, ఆ సంవత్సరాంతమున రోము నగరములో 21 దేశముల వారు సమావేశమగుటయు చెప్పియుంటిని. నానాజాతి సమితి కార్యాలయము నాడుండిన విల్సన్ భవనము ఆ సరస్సు తీరముననే, ఆ చక్రవర్తిని పొడువబడిన స్థలమునకు అనతిదూరముననే కలదు. యుగోస్లావియా విదేశాంగ మంత్రి యెవ్తిచ్ తన ఫిర్యాదును అచ్చటికే తెచ్చెను.

ఆ ఫిర్యాదులో హంగరీ పేరు కలదు. ఇటలీ పేరు లేదు. దీనికి కారణము ఫ్రాన్సు. జర్మనీలో హిట్లరు బలపడుచున్న దినములవి. బర్తూ స్థానమున మంత్రియైన లావాల్ ముస్సోలినీ స్నేహము కొరకు పాటుపడుచు, మరుసటి జనవరిలో రోముకు పోయి ఒప్పందము చేసికొనబోవుచుండెను. కనుక ఇటలీని బోనెక్కింపవలదని బెల్‌గ్రేడును ఒప్పించిరి. ఇంగ్లండు పక్షమున ఆంథొనీ ఈడెన్ ఉభయపక్షముల నడుమ తిరిగి, డిసెంబరు 10వ తేదీ రాత్రి ఒక తీర్మానమును అంగీకరింపజేసెను. హంగరీ అధికారులలో కొందరు నిర్లక్ష్యము వలన బాధ్యులైయుండవచ్చునని చెప్పి, ఆ విచారణను హంగరీకే అప్పగించి, యుద్ధమును తప్పించిరి. నిజమైన పోషకుని వదలి చిన్నవానిని మందలించుట న్యాయము కాదు. కాని 1914లో లక్షల ప్రాణములను మ్రింగిన పరిస్థితియే మరల యేర్పడినప్పుడు, ఒక్క సైనికుడును సరిహద్దు దాటకుండ రెండు నెలలలో దానిని చల్లార్చిన సభను తక్కువ చేసి మాటలాడుటకు నాకు మనసొప్పదు.

ఆ తీర్మానములోనే, మనకు నేటికిని పనికివచ్చు వాక్యమొకటి కలదు. రాజకీయోద్దేశముతో జరుగు ఉగ్రవాద చర్యలను తన భూమిపై ప్రోత్సహింపకుండుటయు సహింపకుండుటయు ప్రతి రాజ్యమునకును విధియని దాని సారాంశము. అంతర్జాతీయ సంస్థ యొకటి ఉగ్రవాదము విషయమున రాజ్యముల కర్తవ్యమును నిర్దేశించుట ఇదియే మొదటిసారి. 1970లో ఐక్యరాజ్య సమితి మహాసభ రాజ్యముల స్నేహసంబంధములను గూర్చి ప్రకటించిన సూత్రములలోను, 2001 సెప్టెంబరు 28న భద్రతా మండలి ఆమోదించిన 1373వ తీర్మానములోను ఈ విధియే విస్తరింపబడి కనబడును.

ఇంతలో హత్యకు సూత్రధారియైన పావెలిచ్ ఇటలీలో పట్టుబడెను. ఫ్రాన్సు వానిని అప్పగింపుమనెను. ట్యూరిన్ నగరపు అప్పీలు న్యాయస్థానము, ఇది రాజకీయాపరాధమనియు, 1870 నాటి ఒప్పందము ప్రకారము రాజకీయాపరాధులను అప్పగింప నక్కరలేదనియు తీర్పుచెప్పెను. రాజకీయ శరణార్థిని వాని శత్రువు చేతికి పట్టియీయరాదను నియమము ఒకనాడు ఉదారమైన మనసుతో పుట్టినది. దానికే 1856లో బెల్జియము ఒక మినహాయింపును కల్పించి, రాజ్యాధిపతి హత్య రాజకీయాపరాధము కాదని చట్టము చేసెను. మన దేశీయులకు మార్సేయి రేవు మరియొక విధముగ తెలియును. 1910 జులైలో వినాయక దామోదర సావర్కరు ఓడ కిటికీలో నుండి సముద్రములోనికి దుమికి ఈది ఒడ్డెక్కినది ఈ రేవులోనే. ఫ్రెంచి గడ్డపై శరణు దొరకునని ఆయన ఆశించెను. పోలీసులు తిరిగి ఓడకు చేర్చిరి. మరుసటియేడు హేగ్ నగరపు మధ్యవర్తి న్యాయస్థానము, ఇంగ్లండు ఆయనను ఫ్రాన్సునకు తిరిగి అప్పగింప నక్కరలేదని తీర్పు చెప్పెను. శరణమను ఒకే నియమము క్రింద ఎంత భిన్నులైన మనుష్యులు నిలువగలరో ఈ రెండు వ్యవహారములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తెలియును.

మార్సేయి హత్యలో దొరికిన ముగ్గురు అనుచరులకు 1936 ఫిబ్రవరిలో ఫ్రెంచి న్యాయస్థానము యావజ్జీవ శిక్ష విధించెను. పావెలిచ్‌కు మరణశిక్ష విధింపబడినది గాని, ఆ శిక్ష కాగితముపైననే నిలిచిపోయెను. వాడు ఇటలీలోనే యుండెను.

ఇట్టి హత్యలను అరికట్టుటకు సమితి తలపెట్టిన ఒడంబడికను వ్రాయుటకై 11 దేశముల నిపుణుల సంఘమొకటి యేర్పడి, 1935 నుండి 1937 వరకు ముసాయిదాలను దిద్దెను. వారిలో రుమేనియా న్యాయకోవిదుడగు వెస్పసియన్ పెల్లా ముఖ్యుడు. దేశముల నడుమ నేరముల కొక న్యాయస్థానముండవలెనని ఆయన అదివరకే పలుమారులు వాదించినవాడు. 1937 నవంబరులో జెనీవాలో జరిగిన మహాసభ, ఆ నెల 16వ తేదీన రెండు ఒడంబడికలను సంతకములకు సిద్ధముచేసెను. మొదటిది ఉగ్రవాద నివారణమును, దండనమును గూర్చినది; దానిపై 24 దేశములు సంతకము చేసినవి. రెండవది, అట్టి నేరములను విచారించుటకై అంతర్జాతీయ దండన న్యాయస్థానమును స్థాపించుటకు. దానిపై 13 దేశములే చేసినవి.

మొదటి ఒడంబడికలో ఉగ్రవాదమనగా నేమో చెప్పబడినది: ఒక రాజ్యమునకు వ్యతిరేకముగా, కొందరు వ్యక్తుల మనసులలో గాని ప్రజల మనసులలో గాని భయోత్పాతమును కలిగింపవలెనని చేయబడు నేరములు. ఆ వాక్యము మొదటి మాటలోనే దాని బలమును బలహీనతయును గలవు. రాజ్యమునకు వ్యతిరేకముగా చేసినదే ఉగ్రవాదము. రాజ్యము తన ప్రజలపై చేయు భీభత్సము దానిలోనికి రాదు. హిట్లరు, స్టాలినుల కాలమున, నిర్బంధ శిబిరములు నిండియున్న సంవత్సరములలో, లోకమునందలి న్యాయవాదులు కూర్చుండి వ్రాసిన నిర్వచనమిది. వారు మోసగాండ్రు కారు. మార్సేయి వీధిని తలచుకొని రాజులను, మంత్రులను రక్షింపవలెనని వ్రాసిరి. పరస్పరము రక్షించుకొనుటకు రాజ్యములు కూడినప్పుడు రాజ్యమునే నేరస్థానమున నిలుపు వాక్యము వారి కలమునకు రాలేదు.

నిర్వచనము కంటె ఆ ఒడంబడికలోని చిన్న అధికరణములు నాకు విలువైనవిగ తోచుచున్నవి. తుపాకులు తయారుచేయువారు ప్రతి తుపాకిపైనను గుర్తుపట్టదగిన సంఖ్యను చెక్కవలెను. అమ్మువారు కొన్నవారి పేరును నివాసమును రిజిస్టరులో వ్రాసి యుంచవలెను. దొంగ పాస్‌పోర్టు చేయుట, తెచ్చుట, దగ్గరనుంచుకొనుట నేరములు. ఇచ్చట కెలెమెన్ అను లేని మనుష్యుని నీడ స్పష్టముగ కనబడుచున్నది. ప్రతి దేశమును పోలీసుశాఖలో ఇందుకై యొక కేంద్ర కార్యాలయము నేర్పరచి, తెలిసిన సమాచారమును ఇతర దేశముల కార్యాలయములకు తెలుపవలెను. అప్పగింత విషయమున మాత్రము వారు వెనుకంజ వేసిరి. ప్రతి దేశపు చట్టమునకును ఆచారమునకును లోబడియే అప్పగింత జరుగునని వ్రాయుటచే, ట్యూరిన్ న్యాయస్థానము దూరిన కంత కంతగానే మిగిలెను. దానికి బదులుగా, అప్పగింపని పక్షమున పలు సందర్భములలో తామే విచారింపవలెనను బాధ్యతను చేర్చిరి. అప్పగింపుము, లేదా విచారింపుము అను ఈ సూత్రమే 1970లో విమానాపహరణములపై హేగ్ ఒడంబడికకును, 1979లో బందీలను పట్టుటపై ఒడంబడికకును వెన్నెముక యయ్యెను. నిర్వచనము మాత్రము నేటికిని కుదరలేదు. 1996లో భారతదేశము ఐక్యరాజ్య సమితిలో ప్రవేశపెట్టిన సమగ్ర ఒడంబడిక ముసాయిదా, రాజ్యసైన్యముల చర్యలు, విదేశీ ఆక్రమణపై పోరాడువారి చర్యలు దానిలోనికి వచ్చునా రావా యను వివాదముననే చిక్కుకొన్నది. దానిని గూర్చి తగిన సంచికలో వివరింతును.

ఒడంబడిక అమలులోనికి వచ్చుటకు మూడు దేశముల ధ్రువీకరణము చాలును. ఇరువదినాలుగు సంతకములలో మూడు ధ్రువీకరణములు దొరకుట కష్టమా యని ఎవరైనను అనుకొందురు. ఒక్కటియే వచ్చినది. 1941 జనవరి 1వ తేదీ నాటి యా ధ్రువీకరణము మన దేశముది.

ఆనాడు భారతదేశము స్వతంత్రము కాకున్నను నానాజాతి సమితిలో మొదటినుండియు సభ్యదేశము; దాని పేర జెనీవాలో మాటలాడువారిని లండను, ఢిల్లీ సర్కారులు నియమించెడివి. 1937 మహాసభలో భారత ప్రతినిధిగ కూర్చున్నవాడు సర్ డెనిస్ బ్రే యను ఆంగ్లేయ అధికారి. ఇంగ్లండు తన చట్టములను మార్చుకొనవలసి వచ్చునని చెప్పి సంతకమే చేయలేదు. తాను పాలించు భారతదేశముచేత మాత్రము సంతకము చేయించెను. ఢిల్లీ సర్కారునకు దీనిలో అక్కర గలదు. 1930 ఏప్రిల్ 18న చిట్టగాంగు ఆయుధాగారముపై దాడి జరిగినది. దానిలో పాల్గొన్నవారిలో కొందరు ఫ్రెంచివారి చందర్‌నగరములో తలదాచుకొనగా, అక్కడికిని బ్రిటిషు పోలీసులు పోయి పట్టిరి. 1933లో మన కాకినాడలోనే బాంబు కేసు నడచినది. దానిలో నిందితుడైన ప్రతివాది భయంకరాచార్యుల పేరు ఆంధ్రదేశమున ఇంటింట వినబడినది. కాకినాడకు కూతవేటు దూరముననున్న యానాం నాడు ఫ్రెంచివారిది. పుదుచ్చేరి, మాహే, కారైకాలు వారివే. ఓడలలో రహస్యముగ వచ్చు పిస్తోళ్ళు, పరాయి జెండా క్రింద దొరకు ఆశ్రయము, ఈ రెంటిని గూర్చియే సర్కారువారి బెంగ. తుపాకి సంఖ్యలు, పాస్‌పోర్టులు, పోలీసు సమాచారము అను అధికరణములు వారికి అన్నివిధముల అనుకూలములు.

ఆ ధ్రువీకరణ పత్రము జెనీవా చేరిన నాటికి వ్యక్తిసత్యాగ్రహము సాగుచుండెను. జవహర్‌లాలు నెహ్రూ చెరసాలలో నుండెను. వేలకొలది జనులు అహింసామార్గమున జైళ్ళకు పోవుచుండిరి. ఈ దేశప్రజలలో ఎవ్వరిని అడుగకయే, ఈ దేశము పేర, లోకములో మరెవ్వరును ధ్రువీకరింపని ఒడంబడిక ధ్రువీకరింపబడెను. విప్లవకారుల మార్గమును నేను సమర్థించుటలేదు. బాంబు ఎవరి చేతిలోనున్నను దారిని పోవు పసివానిని ఎరుగదు. కాని ప్రజలకు లోబడని ప్రభుత్వము ఉగ్రవాదమను పేరును ఎవరికైనను పెట్టగలదను భయమునకు, స్వతంత్రములైన ఆసియా ఆఫ్రికా దేశములు తరువాత ఐక్యరాజ్య సమితిలో నిర్వచనమునకు అడ్డుచెప్పుటకు, ఇట్టి అనుభవములే మూలమని గ్రహింపవలెను.

ఇక సంతకములు చేసిన తక్కిన దేశముల గతి యేమి? ఆ జనవరి 1వ తేదీ నాటికి ఆల్బేనియాను ఇటలీ మ్రింగియుండెను. చెకోస్లోవకియా, నార్వే, హాలెండు, బెల్జియము జర్మనీ బూట్లక్రింద నుండెను. ఎస్తోనియా సోవియటు రాజ్యములో కలుపబడెను. ఫ్రాన్సు సగము ఆక్రమింపబడెను. దేశదేశముల పోలీసులు సమాచారము మార్చుకొనుటకు 1923లో వియన్నాలో వెలసిన అంతర్జాతీయ సంఘమే, నేటి ఇంటర్‌పోల్‌కు మూలమైనది, 1938 మార్చిలో ఆస్ట్రియాతోపాటు నాజీల వశమయ్యెను. ధ్రువీకరింపవలసిన ప్రభుత్వములు పలుచోట్ల లేకపోయెను. ధ్రువీకరణమును అమలుజరుపు యంత్రాంగము నేరస్థుల చేతిలో నుండెను.

భారతదేశపు ధ్రువీకరణము జరిగిన నూరవ దినమున, 1941 ఏప్రిల్ 10న, జర్మనీ సైన్యములు ప్రవేశించిన జాగ్రెబు నగరములో స్వతంత్ర క్రొయేషియా రాజ్యము ప్రకటింపబడెను. ముస్సోలినీ ఇన్నాళ్ళు దాచియుంచిన మనుష్యుని ఆ రాజ్యమునకు అధిపతిగ పంపెను. అతడు ఆంటె పావెలిచ్. ఏ సూత్రధారి మూలమున ఈ ఒడంబడిక పుట్టెనో, ఆ సూత్రధారియే రాజ్యపాలకుడై, దాని మాటల ప్రకారము రక్షణార్హుడైన పదవిలో కూర్చుండెను. అతని పాలనలో సెర్బులు, యూదులు, రోమా జాతివారు లక్షలకొలదిగ చంపబడిరి. యసేనోవాచ్ శిబిరము పేరు చెప్పినచో ఆ దేశములవారు నేటికిని తలవంచుకొందురు. ఆ చంపుటలో ఒక్కటియు 1937 నిర్వచనము క్రిందికి రాదు, ఏలయన అది రాజ్యమునకు వ్యతిరేకముగ జరిగినది కాదు.

నానాజాతి సమితి 1946 ఏప్రిల్ నెలలో రద్దయ్యెను. రెండవ ధ్రువీకరణము రానేలేదు. పెల్లా కోరిన న్యాయస్థానమునకు ఒక్క ధ్రువీకరణమును లేదు. యుద్ధము ముగియగానే క్రొయేషియా వదలి పారిపోయిన పావెలిచ్, ఆస్ట్రియాలోను ఇటలీలోను దాగి, అర్జెంటీనాకు చేరెను. 1957లో అచ్చట ఎవరో కాల్చగా గాయపడి స్పెయిన్‌కు పోయెను. 1959 డిసెంబరు 28న మాడ్రిడ్ నగరములో మరణించెను. మార్సేయి హత్యకు గాని, తరువాతి హత్యలకు గాని, ఒక్క దినమైనను అతడు ఏ న్యాయస్థానపు బోనులోను నిలువలేదు.